బట్టీ పట్టిన ఇంగ్లీష్ పదాలు రాసేటప్పుడు ఎందుకు తట్టవు?

తిరుపతిలో బ్యాంకు పరీక్షలకు చదువుతున్నానని, ఎన్ని పదాలు బట్టీ పట్టినా రాసేటప్పుడు ఒక్కటీ తట్టడం లేదని అడిగారు. అర్థం ఒక్కటే నేర్చుకుంటే అంతే. ఆ పదం ఏ మాటల పక్కన వస్తుందో కూడా పట్టుకోవాలి. ‘అలీవియేట్’నే చూడండి: బాధ, ఇబ్బంది లాంటివాటి తీవ్రత తగ్గించడం. పూర్తిగా పోగొట్టడం కాదు. పెయిన్, పావర్టీ, ట్రాఫిక్ కంజెషన్ దీని వెంట వస్తాయి. కూరగాయల ధర తగ్గించడానికి దీన్ని వాడరు. మీ తిరుపతి ఫ్లైఓవర్ శ్రీనివాస సేతు మీద వెళ్తూ ‘ది ఫ్లైఓవర్ హ్యాజ్ అలీవియేటెడ్ ట్రాఫిక్ కంజెషన్’ అనుకోండి (నిజంగా తగ్గిందా అనేది వేరే గొడవ!). ఇలా మీ సొంత వాక్యం రాసుకుని మర్నాడు, వారానికి, నెలకు అర్థం కప్పేసి గుర్తు తెచ్చుకోండి. ఊరికే తిరగేయడం కన్నా ఇదే నిలుస్తుంది. రోజుకు నాలుగైదు పదాలు చాలు, టెన్షన్ వద్దు.