పాఠకుల ప్రశ్నలు: హోం ఫోల్డర్‌కి గిట్

ప్రశ్న: ఆఫీసులో, ఇంట్లో రెండుచోట్లా ఉబుంటూనే. .బాష్‌ఆర్‌సీ, .విమ్‌ఆర్‌సీ సెట్టింగుల ఫైళ్లు ఒకచోట మారిస్తే రెండోచోట పాతవే ఉండిపోతున్నాయి. ఫైళ్ల మార్పులు నమోదు చేసే గిట్ వాడదామని హోంలో గిట్ ఇనిట్ కొడితే స్టేటస్‌లో చాంతాడంత ఎర్ర జాబితా వస్తోంది.
– పాఠకుడు, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: హోంలో మామూలు ఇనిట్ వద్దు. ఏదో ప్రాజెక్టులో ఇనిట్ మరిచిపోయి యాడ్ కొడితే ఆ ఫైళ్లన్నీ హోం రిపోలోకే పోతాయి. ఇప్పుడు చేసిన .గిట్ ఫోల్డర్ తీసేసి, బేర్ రిపో (పని ఫైళ్లు లోపల ఉంచుకోకుండా, మార్పుల చరిత్ర మాత్రమే ఉంచే గిట్ ఫోల్డర్) పెట్టుకోండి:

గిట్ ఇనిట్ --బేర్ ~/.డాట్స్
అలియాస్ డాట్స్='గిట్ --గిట్-డిర్=$హోమ్/.డాట్స్ --వర్క్-ట్రీ=$హోమ్'
డాట్స్ కాన్ఫిగ్ స్టేటస్.షోఅన్‌ట్రాక్డ్‌ఫైల్స్ నో

రెండో వరుసను .బాష్‌ఆర్‌సీలోనూ రాసుకోండి. మూడోది ఆ ఎర్ర జాబితాను ఆపుతుంది. ఇక డాట్స్ యాడ్, డాట్స్ కమిట్, డాట్స్ పుష్ అంటూ రోజూ చేసే పనే. కాకపోతే ఏ ఫైలునైనా పేరు పెట్టే యాడ్ చెయ్యండి. చుక్క పెడితే హోం అంతా ఎక్కేస్తుంది. డాట్స్ క్లీన్ జోలికి మాత్రం అస్సలు పోవద్దు. మీరు యాడ్ చెయ్యని ప్రతిదీ దానికి చెత్తే, -ఎఫ్‌డీ తగిలిస్తే ఫొటోలతో సహా ఊడ్చేస్తుంది.

రెండో లాప్‌టాప్‌లో ఆ రిపోను ~/.డాట్స్ పేరుతో గిట్ క్లోన్ --బేర్ చేశాక అలియాస్‌ని ఒకసారి చేత్తో కొట్టి, డాట్స్ చెకౌట్ అనండి. అది ఆగిపోతుంది, కంగారు పడొద్దు. ఉబుంటూ ఇచ్చిన .బాష్‌ఆర్‌సీ అక్కడ ముందే ఉంది, దాని మీద రాయడానికి గిట్ ఒప్పుకోదు. ఆ పాత ఫైలు పేరు మార్చి మళ్లీ కొట్టండి. మూడో వరుసా అక్కడ మళ్లీ కొట్టాల్సిందే, ఆ సెట్టింగు క్లోన్‌తో రాదు. ఆఫీసు ప్రాక్సీలాంటివి .బాష్‌ఆర్‌సీ.లోకల్ అని వేరే ఫైల్లో పెట్టి, .బాష్‌ఆర్‌సీ నుంచి సోర్స్ చేసుకోండి. దాన్ని యాడ్ చెయ్యకండి.

ప్రశ్న: .ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్ (సర్వర్లలోకి లాగిన్ అయ్యే కీలుండేది) మొత్తం పుష్ చేసేశాను. రిపో ప్రైవేటే. డిలీట్ చేసి మళ్లీ కమిట్ చేశాను, చాలా?
– పాఠకురాలు, బీటీఎం లేఅవుట్, బెంగళూరు

జవాబు: చాలదండీ. పాత కమిట్‌లో ప్రైవేట్ కీ అలాగే ఉంది, ఎవరు క్లోన్ చేసినా వాళ్ల మెషీన్లోకి వెళ్తుంది. ముందు వేరే ఫైలు పేరుతో కొత్త కీ చేసుకోండి: ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ -టీ ఈడీ25519. కొత్తదాంతో లాగిన్ అవుతోందని చూసుకున్నాకే పాతదాన్ని సర్వర్ల ఆథరైజ్డ్‌_కీస్‌లోంచి, గిట్‌హబ్‌లోంచి తీసెయ్యండి. ఆఫీసు సర్వర్లకూ అదే కీ వాడి ఉంటే అక్కడి సెక్యూరిటీ టీమ్‌కి ఇవాళే చెప్పండి. గిట్ ఫిల్టర్-రిపోతో హిస్టరీ కడగడం ఆ తర్వాతి పని. ఆ ఫోల్డర్లో రిపోకి ఎక్కించదగ్గది కాన్ఫిగ్ ఫైలు ఒక్కటే. ఎగ్జిక్యూట్ తప్ప మిగతా పర్మిషన్లు గిట్ గుర్తుపెట్టుకోదు కాబట్టి, కొత్త మెషీన్లో దానికి సీహెచ్‌మాడ్ 600 కొట్టండి.