అత్తగారిని హోమ్‌లో చేర్చే వేళ వచ్చిందా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా అత్తగారికి 78 ఏళ్లు. నాలుగేళ్ల కిందట అల్జీమర్స్ అన్నారు. ఈ మూడు నెలల్లో బాగా ముదిరింది. రాత్రిళ్లు నిద్రపోరు, గడియ తీసి వీధిలోకి వెళ్లిపోతున్నారు. స్నానం చేయించబోతే కొడుతున్నారు. తిన్న పది నిమిషాలకే పక్కింటికి వెళ్లి ‘కోడలు అన్నం పెట్టలేదు’ అంటున్నారు. మావారి ఉద్యోగం రాయగడలో, శనివారం వస్తారు. నాకు బీపీ, నడుం నొప్పి. హోమ్ మాట ఎత్తితే విశాఖలో ఉన్న మా ఆడపడుచు ‘మా అమ్మని ఆశ్రమంలో పడేస్తారా’ అని ఏడుస్తోంది. అమ్మని చూసుకుంటానని మావారు మా మామగారికి మాటిచ్చారు కూడా. ఏం చెయ్యమంటారు?

జవాబు:

అమ్మా, హోమ్ సంగతి తర్వాత. ముందు ఆవిడని ఈ వారంలోనే డాక్టరుకి చూపించండి. నాలుగేళ్లు మెల్లగా నడిచిన జబ్బు మూడు నెలల్లో ఇంతగా ముదిరిందంటే, వెనకాల ఇంకేదో ఉండొచ్చు. ముసలివాళ్లలో మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే ఒక్కోసారి జ్వరం కూడా కనిపించదు, మతి మాత్రం ఒక్కసారిగా చెదిరిపోవచ్చు. రోజుల తరబడి మలబద్ధకం ఉన్నా, థైరాయిడ్, బి12 తగ్గినా, కొత్తగా వేసుకున్న మందు పడకపోయినా ఇలాగే కావచ్చు. బరంపురంలోని ఎం.కె.సి.జి. పెద్దాసుపత్రికి వెళ్తారో, శ్రీకాకుళం వెళ్తారో మీ వీలు. వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. ఇరుగుపొరుగు చెప్పారని నిద్రమాత్ర మాత్రం వెయ్యకండి, మత్తులో లేచి పడితే తుంటి విరుగుతుంది.

ఆ అన్నం మాట మీ మనసుని బాగా కోసి ఉంటుంది. ఆవిడ అబద్ధమాడటం లేదు, తిన్న సంగతి ఆవిడ దగ్గర నిలవటం లేదు. పక్కింటివాళ్లకి జబ్బు పేరు చెప్పి, విషయం దాచకుండా చెప్పండి. రాత్రి వీధిలో ఆవిడ కనిపిస్తే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేది వాళ్లే.

వైద్యం చేయించాక కూడా ఇలాగే ఉంటే, అప్పుడు హోమ్ గురించి ఆలోచించాలి. ఎప్పుడు చేర్చాలని చాలామంది అడుగుతారు. నేను రాత్రులు ఎలా గడుస్తున్నాయని అడుగుతాను. పగలు ఎలాగో నెట్టుకురావచ్చు. రాత్రి ఆవిడ ఎన్నిసార్లు లేస్తున్నారు, మీరు వరసగా ఎన్ని గంటలు పడుకుంటున్నారు, గడియ చప్పుడు మీకు వినపడకపోతే ఏమవుతుంది? ఓ పది రాత్రులు కాగితం మీద రాయండి. గ్యాస్ దగ్గరికి వెళ్లినా, పడినా, మీ మీద చెయ్యి చేసుకున్నా, మీరు విసుగెత్తి గట్టిగా గుంజినా అదీ రాయండి. ఆ చివరిది రాయడానికి సిగ్గుపడకండి. నిద్రలేని మనిషి చెయ్యి దురుసవుతుంది, అది మీ ఇద్దరికీ ప్రమాదమే.

ఆ పది రాత్రులూ మీ ఆడపడుచుని వచ్చి ఆ గదిలో పడుకోమనండి. ఈ పది రాత్రుల కోసం అత్తగారిని విశాఖ పంపకండి, కొత్త చోటు ఈ జబ్బుని ఇంకా తికమక పెడుతుంది. కూతురే రావాలి. ఆమెను దండించడానికి కాదు, ఫోన్లో వినే అమ్మ వేరు, రాత్రి రెండింటికి గడియ లాగే అమ్మ వేరు, అది ఆమె కళ్లారా చూడాలి. ఇంకో సంగతి. తల్లిదండ్రుల పోషణ గురించి 2007లో వచ్చిన చట్టం కొడుకుతో పాటు కూతురినీ బాధ్యురాలిని చేసింది, కోడలి పేరు అందులో లేదు. చట్టం నేరమన్నది పెద్దవాళ్లని ఎక్కడో వదిలేసి పట్టించుకోకపోవడాన్ని. డబ్బు కట్టి, వెళ్లి చూసుకుంటూ మంచి చోట ఉంచడం వదిలెయ్యడం కాదు. మీవారు మామగారికి ఇచ్చిన మాట తప్పినట్టూ కాదు.

చేర్చే ముందు ఒక ప్రయత్నం ఉంది. రాత్రికి మాత్రం జీతానికి ఓ మనిషిని పెట్టి చూడండి. తలుపు పైభాగాన ఆవిడ కంటికి ఆనని చోట గడియ బిగించండి, రాత్రి సిలిండర్ దగ్గరే గ్యాస్ కట్టేయండి. దాంతో మీరు అయిదారు గంటలు పడుకోగలిగితే ఇల్లే మేలు. అలాంటి మనిషి దొరక్కపోతే, లేదా దొరికినా ఆవిడ దగ్గరికి రానివ్వకపోతే, చేర్చే వేళ వచ్చినట్టే. తుంటి విరిగేదాకానో, మీరు బీపీతో పడిపోయేదాకానో ఆగకండి. అప్పుడు ఎంచుకునే వ్యవధి ఉండదు, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికే తీసుకుపోతారు.

మీలాంటి ఒడిశా-ఆంధ్ర సరిహద్దు ఊళ్లవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. ఈ జబ్బులో తర్వాత నేర్చుకున్న భాష తరచుగా ముందు జారిపోతుంది, చిన్ననాటి భాష మిగులుతుంది. అత్తగారు బజారులో ఎంత చక్కగా ఒడియా మాట్లాడినా, రేపు దాహమని తెలుగులోనే అంటారు. హోమ్‌లో ఆయాలకి తెలుగు రాకపోతే ఆ మాట గాల్లో కలిసిపోతుంది. అందుకే, దూరమైనా విశాఖ వైపే చూడండని నా సలహా. కూతురు వారానికి రెండు మూడుసార్లు వెళ్లొచ్చు. ఏడుస్తున్న మనిషికి చేతినిండా పని దొరుకుతుంది. మీరు నెలకోసారి వెళ్లినా చాలు.

మామూలు వృద్ధాశ్రమాల్లో చాలావాటికి తమ పని తాము చేసుకునేవాళ్లే కావాలి. ఫోన్లోనే ‘మతిమరుపు ఉంది, రాత్రి లేస్తారు, పక్క తడుపుతారు’ అని మొత్తం చెప్పి అడగండి. కేంద్రం నడిపే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతుంది. మీ దగ్గర్లో ఏమున్నాయో అక్కడా అడగొచ్చు. చూడ్డానికి వెళ్తే సాయంత్రం భోజనాల వేళకి, చెప్పకుండా వెళ్లండి. తినలేనివాళ్లకి ఎవరు తినిపిస్తున్నారు, ఎంత ఓపిగ్గా తినిపిస్తున్నారు, చూడండి. రాత్రికి ఎంతమంది ఆయాలు, ఎంతమంది పెద్దవాళ్లు? మంచానికి కడతారా? సుస్తీ చేస్తే ఏ ఆసుపత్రికి, ఎవరు తీసుకెళ్తారు? ‘మీరు ఎప్పుడైనా రావచ్చు’ అనని చోట చేర్చకండి.

చేర్చే రోజున ఒక కాగితం ఇవ్వండి. పొద్దున్నే టీ కాదు, చోడి అంబలి తాగుతారని, స్నానానికి తల మీద నీళ్లు పోస్తే భయపడతారని, కాళ్ల నుంచి మొదలుపెట్టాలని, ఏ పేరుతో పిలిస్తే తిరిగి చూస్తారో, ఇలాంటివన్నీ రాయండి. ఆవిడ కప్పుకునే పాత దుప్పటిని ఉతక్కుండా పంపండి. మొదటి రెండు మూడు వారాలు ‘ఇంటికి పోదాం’ అని ఏడవచ్చు. ఇంట్లో ఉన్నప్పుడూ ఈ జబ్బువాళ్లు అదే మాట అంటారు, కాబట్టి అది విని వెంటనే వెనక్కి తెచ్చెయ్యకండి. కానీ తిండి తగ్గినా, ఒంటి మీద కమిలిన మచ్చ కనిపించినా, మునుపు లేని మగత కనిపించినా, అడగాల్సింది అడగండి. సరైన జవాబు రాకపోతే ఆ రోజే తీసుకొచ్చేయండి.