నాలుగో అంకం జాగ్రత్త

చిట్టితల్లికి,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, నువ్వు ఇబ్సెన్ నాటకం ‘ప్రజాశత్రువు’ వేయిస్తున్నావనీ, డైరెక్షన్ కూడా నీదేననీ చెప్పాడు. సంతోషంతో కాసేపు నోట మాట రాలేదు. పడుకున్నాక గుబులు మొదలైంది. నేను చెయ్యి కాల్చుకున్నది ఆ నాటకంతోనే. అందుకే తెల్లారగానే కాగితాలు ముందేసుకున్నాను.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. గుంపులో నిలబడేవాళ్లను మొదటి రోజు నుంచే రిహార్సల్‌కి పిలువు. అయిదో అంకంలో పగిలిన కిటికీలు, నేల మీద రాళ్లు కనబడాలి కాబట్టి సెట్ మార్చడానికి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి చూసుకో. వేళకి తిను.

మేయర్‌ని మాత్రం విలన్‌ని చెయ్యకు. జబ్బులు నయం చేసుకోడానికి జనం వచ్చే ఊరి స్నానశాలల నీళ్లలో తోళ్ల కర్మాగారాల మురికి కలుస్తోందని అతని తమ్ముడు డాక్టర్ స్టాక్‌మన్ కనిపెట్టాడు, నిజమే. కానీ పైపులు మార్చాలంటే రెండేళ్లు పడుతుంది, ఆ ఖర్చు ఊరి నెత్తిన అప్పుగా పడుతుంది, ఊరి ఆశలన్నీ ఆ స్నానశాలల మీదే. ఆ భయం దొంగ భయం కాదు. ప్రెస్సు నడిపే అస్లాక్సన్ మాటిమాటికీ ‘మితంగా ఉండాలి’ అంటాడే, అతన్ని నవ్వులాట వేషం కానివ్వకు. అతని భయం చూసేవాళ్లకి తమ సొంత భయంలా తగలాలి.

ఇక నా తప్పు సంగతి.

నాలుగో అంకం నీకు తెలుసు. సభ పెట్టిన డాక్టర్ నీళ్ల సంగతి పక్కనపెట్టి, మెజారిటీ ఎన్నడూ ఒప్పు కాదంటాడు. సత్యానికి, స్వేచ్ఛకి అసలు శత్రువు మెజారిటీయే అంటాడు. జాతికుక్కకీ వీధికుక్కకీ ఉన్న తేడా మనుషుల్లోనూ ఉందంటాడు. అప్పటిదాకా అతన్ని ప్రేమించిన ప్రేక్షకుడికి అక్కడ కడుపులో తిప్పుతుంది. తిప్పాలి కూడా. ఇరవై మూడేళ్ల కిందట నాకు ఆ మాటలంటే భయం వేసింది. టికెట్ కొన్నవాళ్లు తమనే తిడుతున్నాడనుకుంటారేమో, డబ్బు పెట్టినవాళ్లు మొహం చిట్లిస్తారేమో అని రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు.

ప్రదర్శనకి పది రోజుల ముందు అందర్నీ కూర్చోబెట్టి, ‘ఈ పేజీన్నర తీసేద్దామా’ అని చేతులెత్తమన్నాను. అన్ని చేతులూ లేచాయి, ఒక్క కుర్రాడిది తప్ప. ఆ అంకంలో తాగుబోతు వేషం వాడిదే. ‘ఇది తీసేస్తే డాక్టర్ ఉత్త మంచివాడైపోతాడు సార్. మంచివాడి పక్కన నిలబడటానికి ఎవడికి కష్టం?’ అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. జవాబు లేనప్పుడు మనిషి ఎంత నీచానికి దిగుతాడో ఆ రోజు నేను దిగాను. సభలో డాక్టర్‌ని ప్రజాశత్రువుగా తేల్చేటప్పుడు అస్లాక్సన్ అంటాడు కదా, తాగి ఉన్న ఒకడు తప్ప అందరూ ఒప్పుకున్నారని. ఆ మాటే కుర్రాడి మీదికి విసిరాను. అందరూ పగలబడి నవ్వారు. వాడు నవ్వలేదు. తలొంచుకుని తన స్క్రిప్టులో ఆ పేజీన్నర మీద పెన్సిల్‌తో గీత కొట్టాడు.

నాటకం బాగా ఆడింది. చప్పట్లు మోగాయి. హాలంతా డాక్టర్ పక్షమే. హాలంతా డాక్టర్ పక్షమైపోయాక అది ఇంకెవరి గురించిన నాటకం? ‘ఆ సభలో నేనుంటే అతనికి వ్యతిరేకంగా ఓటేసేవాణ్ణా’ అని తన్ను తాను అడగాల్సిన అవసరం ఏ ఒక్కరికీ రాలేదు. వేస్తామన్న డాక్టర్ వ్యాసాన్ని భయపడి తిప్పి పంపిన ఎడిటర్, అస్లాక్సన్ చేసిందే నేనూ అతని ఉపన్యాసానికి చేశాను. ఆఖరి ప్రదర్శన అయ్యాక ఆ కుర్రాడు మేకప్ తుడుచుకుని, వేషం బట్టలు మడతపెట్టి బల్ల మీద ఉంచి వెళ్లాడు. మళ్లీ రాలేదు. నేనూ వెతుక్కుంటూ వెళ్లలేదు. పేజీ కోసినదాని కంటే అదే పెద్ద తప్పు.

అమెరికన్ నాటకకర్త ఆర్థర్ మిల్లర్ 1950లో ఆ నాటకాన్ని తిరగరాసినప్పుడు ఆ జాతి మాటలు పక్కనపెట్టాడు కదా అంటావు. నిజమే. కానీ ఎందుకు మార్చాడో ముందుమాటలో తన పేరు మీద రాసుకున్నాడు. నేను పదిమంది చేతుల వెనక దాక్కున్నాను. ఆ కుక్కల పోలిక నాకు ఇప్పటికీ మింగుడుపడదు. నీకూ తప్పనిపిస్తే నువ్వే నిర్ణయం తీసుకో, కారణం నీ నోటితో చెప్పు. ఓటుకి మాత్రం పెట్టకు.

అయినా ఏ మాట ఎక్కడ అంటుకుంటుందో ముందే ఎవరికి తెలుసు? 1901లో రష్యాలోని పీటర్స్‌బర్గ్‌లో నటుడు స్టానిస్లావ్‌స్కీ ఈ డాక్టర్ వేషం కట్టిన రోజునే, అక్కడి కజాన్ కూడలిలో గుమిగూడిన జనాన్ని పోలీసులు చితకబాదారు. ఆ రాత్రి అయిదో అంకంలో డాక్టర్ చిరిగిన బట్టలు చూసుకుంటూ, స్వేచ్ఛ కోసం, సత్యం కోసం పోరాడటానికి వెళ్లేటప్పుడు కొత్తవి వేసుకోకూడదంటాడు. ఏదో పోతూపోతూ అనే మాట. దానికి హాలు హాలంతా లేచింది, నాటకం ఆగింది, జనం స్టేజీ మీదికి ఎక్కారు. ఆ లైను ఎవడైనా అనవసరమని కోసేసి ఉంటే?

నువ్వు నాకంటే ధైర్యం గలదానివి. కానీ నీ నోరు నాకు తెలుసు తల్లీ. రిహార్సల్‌లో ఎవరైనా ఎదురుచెబితే చురక వేసి నోరు మూయించకు. నలుగురూ నీవైపు ఉన్నప్పుడు మరీ ఆగు. వాడు చెప్పేది తప్పే అయినా, పూర్తిగా విను. ఈ ఒక్కటీ నా మాట విను.

ఆ రోజుల్లో నువ్వు అయిదేళ్లదానివి. సైడ్ వింగ్‌లో స్టూలెక్కి కూర్చుని రిహార్సళ్లన్నీ చూసేదానివి. తర్వాతి నాటకం మొదలుపెట్టినప్పుడు, ‘తాగుబోతు మామయ్య ఎందుకు రావట్లేదు?’ అని అడిగావు. ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడని చెప్పాను. అది అబద్ధం.

మొదటి ప్రదర్శనకి వస్తాను. ముందు వరసలొద్దు, వెనక గోడ పక్కన ఒక కుర్చీ ఉంచు. సభలో ఓట్లు వేసే చోట హాల్లో లైట్లు కూడా వెలిగిస్తే ఎలా ఉంటుందో ఒకసారి చూడు.

ప్రేమతో,
పెదనాన్న