చేప నూనె క్యాప్సూల్స్ వేసుకుంటే బీపీ మాత్ర మానేయొచ్చా?

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. రాజోలు దగ్గర మా ఊళ్లో కొబ్బరికాయల వ్యాపారం చేస్తాను. కొన్నేళ్లుగా బీపీ మాత్ర వాడుతున్నాను, ఇప్పుడు అదుపులోనే ఉంది. హైదరాబాద్ నుంచి మా అబ్బాయి చేప నూనె క్యాప్సూల్స్ పంపాడు, గుండెకు మంచివట. ఇక బీపీ మాత్ర మానేయొచ్చా? చుట్ట అలవాటుంది, రోజుకు రెండే.
- ఒక పాఠకుడు

జవాబు: మానకండి. బీపీ అదుపులో ఉందంటే ఆ మాత్ర పనిచేస్తోందని, జబ్బు పోయిందని కాదు. మానేశాక కొన్నాళ్లు ఒంట్లో ఏ తేడా తెలియదు. నా భయమంతా అదే. తలనొప్పి లేదు కదా అని మాత్ర ఆపేసి, పక్షవాతంతో వచ్చినవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

మీ అబ్బాయి ప్రేమతో పంపాడు, సంతోషం. కానీ సీసా వెనక చిన్న అక్షరాలు చదవండి. పైన 1000 మిల్లీగ్రాములని ఉన్నా, అసలు సరుకైన ఒమేగా-3 అనే చేప కొవ్వు మామూలుగా 300 మిల్లీగ్రాములే. బ్రిటన్‌లో 15,480 మంది షుగర్ పేషెంట్లలో సగం మందికి ఒమేగా-3, మిగతావాళ్లకు ఆలివ్ నూనె క్యాప్సూల్స్ ఏళ్ల తరబడి ఇచ్చి చూశారు. 2018లో ఫలితం వచ్చింది. గుండెపోటు, పక్షవాతం లాంటివి రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకేలా వచ్చాయి. పైగా పెద్ద డోసులో మింగితే కొందరికి గుండె లయ తప్పుతుంది.

గోదారి పక్కన ఉండి చేపకి సీసా ఎందుకండీ? అంతర్వేది వైపు నుంచి కనగర్తలు, కవళ్లు వస్తాయి కదా. వారానికి రెండుసార్లు పులుసు పెట్టించుకోండి, వేపుడు వద్దు. పులస కోసం డబ్బు పోయనక్కర్లేదు.

మన వైపు అసలు చిక్కు ఉప్పుతోనే. మనిషికి రోజుకి 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచా మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మనమేమో పప్పులోకి ఆవకాయ, నంజుకోవడానికి ఊరమిరపకాయ, చివర్లో మజ్జిగలో మళ్లీ చిటికెడు ఉప్పు! ఒక పని చేయండి. పొద్దున్నే ఇంట్లో మనిషికి ముప్పావు చెంచా చొప్పున కొలిచి ఒక గిన్నెలో పోసి, రోజంతా వంటకి అందులోంచే వాడమనండి. గిన్నె ఖాళీ అయితే ఆ రోజుకి ఉప్పు అయిపోయినట్టే. ఆవకాయ వేసుకున్న పూట మజ్జిగ చప్పగా తాగండి. ఎండుచేపను వేడినీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి వండాలి. పొటాషియం కలిపిన ఉప్పు ప్యాకెట్లు డాక్టర్ని అడగకుండా తేవద్దు, కొన్ని బీపీ మాత్రలతో అది ప్రమాదం.

కొబ్బరి మీ జీవనాధారం, తెలుసు. పచ్చడిలో కాస్త తురుము ఫర్వాలేదు. నూనె మాత్రం వంటకి వద్దు, చెడు కొలెస్ట్రాల్ పెంచుతుంది.

చుట్ట రెండే అన్నారు. ఆ రెండూ మానాలి. పొగ లోపలికి పీల్చకపోయినా నోట్లోంచే నికోటిన్ రక్తంలోకి వెళుతుంది. మానేసిన ఏడాదికల్లా పొగ వల్ల పెరిగిన గుండెపోటు ముప్పు సగానికి తగ్గుతుంది. ఏ క్యాప్సూలూ ఇంత మేలు చేయదు.

సాయంత్రం కాలువ గట్టు మీద అరగంట చురుగ్గా నడవండి. ఈ నెలలోనే షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించుకోండి. నడుస్తుంటే ఛాతీ బరువెక్కి చెమటలు పడితే, గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.