మనసు బాగుంటే ఆయుష్షు పెరుగుతుందా? ముందు ఆ నిద్రమాత్ర సంగతి చూడండి

ప్రశ్న: నాకు 63 ఏళ్లు. ఎనిమిది నెలల కిందట మా ఆవిడ చనిపోయింది. సంతోషంగా ఉండేవాళ్లు ఎక్కువ కాలం బతుకుతారని చదివాను. నిజమేనా? లాఫింగ్ క్లబ్‌లో చేరితే మంచిదేనా? తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. ఐదు కిలోలు తగ్గాను. మా ఆవిడకి రాసిన ఆల్‌ప్రజోలామ్ నిద్రమాత్ర రాత్రిపూట ఒకటి వేసుకుంటున్నాను, మొదట్లో సగం సరిపోయేది. షుగర్ మాత్రలు అప్పుడప్పుడు మర్చిపోతున్నాను. - ఒక పాఠకుడు, ఖమ్మం

డాక్టర్ సలహా: క్లబ్‌లో చేరండి, మంచిదే. కానీ నన్ను కంగారుపెట్టింది చివర్లో మీరు మామూలుగా రాసేసిన విషయాలు.

ముందు మీ ప్రశ్న. అమెరికాలో 180 మంది నన్స్ యవ్వనంలో రాసుకున్న స్వీయకథల్ని పరిశీలించి 2001లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆ రాతల్లో సంతోషం ఎక్కువగా కనిపించినవాళ్లు ఎక్కువ కాలం బతికారు. మీరు చదివింది బహుశా ఇలాంటిదే. అయితే బ్రిటన్‌లో సుమారు 7 లక్షల మంది మహిళలపై చేసిన అధ్యయనం 2015 చివర్లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. అప్పటికే ఉన్న జబ్బులు, పొగతాగడం వంటివి లెక్కలోకి తీసుకున్నాక, సంతోషం లేకపోవడం వల్లే మరణాలు పెరిగినట్టు అందులో తేలలేదు. ఒంట్లో బాగోలేనివాళ్లకి మనసూ బాగుండదు కదా. కాబట్టి దిగులుగా ఉన్నానని ఆయుష్షు గురించి మరో టెన్షన్ పెట్టుకోకండి. బలవంతంగా నవ్వాల్సిన పనీ లేదు. భార్య పోయిన మనిషికి బాధ ఉండదా?

నలుగురితో కలిసి ఉండటం విలువ మాత్రం గట్టిగానే కనబడుతోంది. 148 అధ్యయనాల్ని కలిపి చూసిన 2010 నాటి విశ్లేషణలో, బంధాలు బలంగా ఉన్నవాళ్లు ఆ అధ్యయనాల కాలంలో బతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువని తేలింది. క్లబ్‌కి వెళ్లమనడం అందుకే.

నా అనుభవంలో దిగులు మనిషిని దెబ్బతీసే దారి చాలా మామూలుగా ఉంటుంది. ఆకలి ఉండదు, నడక మానేస్తారు, మాత్రలు మర్చిపోతారు. మీ విషయంలో ఇది మొదలైంది. పైగా షుగర్ ఉన్నవాళ్లు ఐదు కిలోలు తగ్గితే దాన్ని దిగులు ఖాతాలో వేసేయకూడదు. షుగర్ అదుపు తప్పిందా, థైరాయిడా, లోపల ఇంకేదైనా ఉందా చూడాలి. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), రక్తహీనత, కిడ్నీ పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే, ఈసీజీ అవసరం కావచ్చు. మీరు చాలాకాలంగా మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడుతుంటే విటమిన్ బీ12 పరీక్ష కూడా. ఏవి చేయాలో మిమ్మల్ని చూసిన డాక్టరే నిర్ణయించాలి.

ఇక ఆ నిద్రమాత్ర. ఒకరికి రాసిన మందు ఇంకొకరు వేసుకోవడం ఎంత చెప్పినా మన ఇళ్లలో ఆగడం లేదు. మెడికల్ షాపులో పాత చీటీ చూపిస్తే ఇచ్చేస్తున్నారు. ఆల్‌ప్రజోలామ్ డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని హెచ్1 షెడ్యూల్ మందు. సగం నుంచి ఒకటికి వచ్చారంటే శరీరం దానికి అలవాటు పడుతోందని అర్థం. మీ వయసులో రాత్రి బాత్రూమ్‌కి లేచినప్పుడు తూలి పడితే తుంటి ఎముక విరగొచ్చు. మద్యం అలవాటుంటే ఈ మాత్రతో కలిపి అస్సలు తాగకూడదు, ఊపిరికే ప్రమాదం. అలాగని ఇది చదివి ఈ రాత్రే మానేయకండి! రోజూ వాడుతూ ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి.

తెల్లవారుజామున మెలకువ, బరువు తగ్గడం, మతిమరుపు కలిస్తే డిప్రెషన్ అయ్యే అవకాశం ఉంది. ఉత్తరం చూసి నిర్ధారించలేను. దానికి మంచి చికిత్స ఉంది, సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లడానికి మొహమాటపడొద్దు. ఎనిమిది నెలలు ఆగారు, ఇంక ఆగకండి. ఈ వారంలోనే మొదట మీ షుగర్ డాక్టర్‌ని కలవండి, ఆ మాత్రల స్ట్రిప్ కూడా తీసుకెళ్లండి. బతకాలని లేదనిపిస్తే ఇంట్లోవాళ్లకి వెంటనే చెప్పండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి (14416) ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.