ఉలమాలు విజ్ఞాన శాస్త్రానికి అడ్డుపడ్డారా?

ఖగోళ గణితం అందుబాటులో ఉండగా హైదరాబాద్‌లో రంజాన్ నెలవంకను ఉలమాల (ఇస్లాం మత పండితుల) కమిటీ ఎందుకు నిర్ధారిస్తుంది, చరిత్రలో వారు విజ్ఞానానికి అడ్డుగా నిలిచారా అన్నది ప్రశ్న. ఆ చరిత్రను ఒక్క మాటతో కొట్టిపారేయడం అన్యాయమని నా అభిప్రాయం. నమాజు వేళలను సూర్యుని స్థానాన్ని బట్టి నిర్ణయించవలసి ఉండటంతో పెద్ద మసీదులు గణితం తెలిసినవారిని కొలువులో పెట్టుకున్నాయి. 14వ శతాబ్దంలో డమాస్కస్‌లోని ఉమయ్యద్ మసీదులో ఆ పని చేసిన ఇబ్న్ అల్ షాతిర్ రూపొందించిన చంద్రగతి నమూనా, తరువాతి కాలపు కోపర్నికస్ నమూనాతో గణితపరంగా దాదాపు ఒకటే. తత్త్వవేత్తలను తీవ్రంగా ఖండించిన మత పండితుడు గజాలీ (1058–1111) సైతం, గ్రహణాల లెక్కను మతం పేరిట కాదనేవాడు మతానికే హాని చేస్తున్నాడని హెచ్చరించాడు. వ్యతిరేకత అసలే లేదనలేము: 1580లో ఇస్తాంబుల్ వేధశాల కూల్చివేతకు షేఖ్ ఉల్ ఇస్లాం (ఒట్టోమన్ సామ్రాజ్యపు ప్రధాన మతాధికారి) సలహా ఒక కారణమని చెబుతారు.

ఇక నెలవంక సంగతి. అమావాస్య క్షణాన్ని కచ్చితంగా లెక్కించవచ్చు గాని, ఆ సాయంత్రం సన్నని వంక కంటికి ఆనడం చంద్రుని ఎత్తు, సూర్యుని నుంచి దూరం, మబ్బులు మొదలైనవాటిపై ఆధారపడుతుంది. పైగా, నెల మొదలవడానికి కంటితో చూడటం తప్పనిసరా, లెక్క చాలునా అన్నది ధర్మశాస్త్రం తేల్చవలసిన విషయం; టర్కీ లెక్కను స్వీకరించగా, మన దగ్గర చూసినవారి సాక్ష్యమే ప్రమాణం. వంక కనబడటం అసాధ్యమని గణితం తేల్చిన రోజున సాక్ష్యాన్ని తిరస్కరించాలని 14వ శతాబ్దపు న్యాయమూర్తి తకీయుద్దీన్ సుబ్కీ చెప్పిన మార్గమే నాకు సబబుగా తోస్తుంది.