ఖాళీ బావిలోనూ సిగ్నల్ వస్తుంటే

యాంటీబాడీ అతికించిన చిన్న బీడ్స్ (పూసలు)తో వైరస్‌ను పట్టే మీ పరీక్షలో, వైరస్ కలపని బావి (ప్లేటులోని గుంట) కూడా నమూనాతో సమానంగా వెలుగుతోందన్నారు. బీడ్‌కు అతికించిన యాంటీబాడీ ఎలుకదే, వైరస్‌ను పైనుంచి పట్టే రెండో యాంటీబాడీ కూడా ఎలుకదే, ఆ పైన యాంటీ-మౌస్ పీఈ (ఎలుక యాంటీబాడీని పట్టేది, పీఈ అనే వెలిగే రంగు అతికించినది) వేస్తున్నారు. అది నేరుగా బీడ్ మీదున్న యాంటీబాడీనే పట్టుకుంటోంది; వైరస్‌తో పనే లేదు. పైనున్న రెండో యాంటీబాడీని బయోటిన్‌తో గుర్తుపెట్టి, యాంటీ-మౌస్‌కు బదులు బయోటిన్‌ను పట్టే స్ట్రెప్టావిడిన్-పీఈ వాడండి.

బీడ్స్ కడగడానికి పీబీఎస్ (ఫాస్ఫేట్ ఉప్పు ద్రావణం)లో 0.05 శాతం ట్వీన్-20 (తేలిక డిటర్జెంట్), 1 శాతం బీఎస్ఏ (ఆవు ఆల్బుమిన్ ప్రోటీన్), మూడుసార్లు. ట్రైటాన్ అనే డిటర్జెంట్ వద్దు, పొర ఉన్న వైరస్ విచ్చిపోతుంది.

బీడ్స్ ముద్దకడితే వాడేముందు 20 సెకన్లు సోనికేట్ చేయండి (శబ్ద తరంగాలతో విడదీయండి), ఎండనివ్వకండి, గడ్డకట్టించకండి.

మళ్లీ కప్లింగ్ (బీడ్‌కు యాంటీబాడీ అతికించడం) చేస్తే, హైదరాబాద్ వానాకాలంలో ఈడీసీ (అతికించడానికి వాడే రసాయనం) సీసాను ఫ్రీజర్‌లోంచి తీసిన వెంటనే తెరవొద్దు. తేమ పీల్చి చెడుతుంది. గది వేడికి వచ్చాకే మూత తీయండి.